చిత్రిక పట్టిన రోజులు

మా ఇంటి తలుపులు చేసిన ఆచారి గారు పనికి వచ్చేటప్పుడు సైకిలు వెనక రెండు మూటలు కట్టుకుని వచ్చేవారు. ఒకటి గోనెసంచి. అందులో బాడిస, పొడవాటి రంపం, సుత్తి, పటకారు, తాడు చుట్టి లాగి చిల్లులు వేసే బరమా ఉండేవి. అవి ఎవరు తీసి చూసినా ఏమీ అనేవారు కాదు. రెండోది టేకుతో ఆయనే చేసుకున్న పెట్టె. మూత తెరిస్తే పాత ధోవతి గుడ్డ, ఆ గుడ్డలో పావు అంగుళం మొదలు అంగుళంన్నర దాకా వరసగా ఉలులు. పక్కన చెక్కను నునుపు చేసే చిత్రికలు మూడు, మూలమట్టం, ఆకురాళ్ళు, నూనె ఇంకి నల్లబడ్డ సానరాయి. ఆ పెట్టె మీద చెయ్యి వేయాలంటే మాత్రం ఆయన అనుమతి కావాలి. అది నాకు దొరకడానికి చాలాకాలం పట్టింది.

1970ల చివర కోనసీమలో మా నాన్నగారు ఇల్లు కట్టించారు. ఆయన లెక్కల మాస్టారు. గోడలు తాపీమేస్త్రీకి వదిలేశారు గానీ కలప విషయంలో మాత్రం ఎవరినీ నమ్మలేదు. ఆచారి గారిని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళి, కలప అమ్మే అడితిలన్నీ తిరిగి దుంగలు ఎంచారు. మన్యం టేకు అంటే గోదావరి జిల్లాల్లో అప్పట్లో ఉన్న గౌరవం చెప్పనలవి కాదు. అడితిలో దుంగను కొలిచే పద్ధతి నాన్నగారికి భలే నచ్చింది. నడిమిన చుట్టుకొలత తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. వృత్తం వైశాల్యం కట్టి చూస్తే నిజానికి అందులో 12.7 దాకా ఉంటుంది. మిగతాది బెరడుకూ, కోతలో పోయే పక్కచెక్కలకూ వదిలేసిన తరుగు. నాన్నగారు ఆ వారమే తరగతిలో పిల్లలందరి చేతా ఈ లెక్క చేయించారు.

దుంగను పైనుంచి కిందికి చూసి ఆచారి గారు ముందు వెతికేది చేవ. నడిమిన బంగారు గోధుమరంగులో ఉండేది చేవ, అంచున పాలిపోయి ఉండేది తెల్లచెక్క. టేకుకు చెదలు పట్టదని అందరూ అంటారు గానీ ఆ మాట చేవకే చెల్లుతుంది. చేవలో ఉండే నూనె తెల్లచెక్కలో ఉండదు. అడితివాళ్ళు ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆయన తెల్లచెక్క ఎక్కువున్న దుంగ తీసుకోనివ్వలేదు.

కోత మిల్లులో కోయించిన చెక్కలు మా పెరట్లో పాకకింద చాలా నెలలు ఉన్నాయి. ఒక వరస పేర్చి, దాని మీద అడ్డంగా సన్నటి బద్దలు పరిచి, మళ్ళీ ఒక వరస. గాలి అన్ని వైపులా ఆడాలి. చెక్క చివరలకు పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తించారు. తేమ చివరల నుంచే తొందరగా పోతుందనీ, అక్కడ తొందరపడితే నెర్రె కొడుతుందనీ ఆయన చెప్పారు. "అంగుళం మందానికి ఏడాది ఆగాలి మాస్టారూ" అన్నారు. అంతకాలం ఆగడం కుదరలేదు గానీ ద్వారబంధాల చెక్కలను ఒక వేసవి పూర్తిగా గడిచేదాకా ముట్టుకోనివ్వలేదు. మా అమ్మకు ఆ ఆలస్యం మీద కోపంగా ఉండేది. గృహప్రవేశం ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది మరి.

పని మొదలైన రోజు నేను బడి ఎగ్గొట్టి అరుగు మీద కూర్చున్నాను, చెక్కను చీల్చడం చూద్దామని. ఆ రోజంతా ఆయన చేసింది నూరడమే. సానరాయి మీద నాలుగు చుక్కల నూనె వేసి, ఉలి వాలును రాయికి ఆనించి, ముందుకూ వెనక్కూ. మణికట్టు కదలదు, నడుం నుంచి ఒళ్ళంతా ఊగుతుంది. అలా నూరితే వాలు గుండ్రబడదు. కాసేపటికి ఉలి వెనక వైపు బొటనవేలితో మెల్లగా నిమిరి చూసేవారు. అంచంతా సన్నటి ఇనుప పొరుసు చేతికి తగిలితే అటువైపు పని అయినట్టు. అప్పుడు ఉలిని బోర్లించి, వెనక భాగం రాయి మీద పూర్తిగా పరిచి, రెండే రెండు లాగులు. ఆ పొరుసు ఊడిపోతుంది. చివరికి ఎడమచేతి బొటనవేలి గోరు మీద ఉలి అంచు ఆనిస్తారు. జారితే మొద్దు, పట్టుకుంటే పదును. ఆ పరీక్షలో నెగ్గని ఉలి మళ్ళీ రాయి మీదికే. పెద్దయ్యాక చాలామంది పనివాళ్ళను చూశాను. పని ఎలా వస్తుందో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది వాళ్ళు నూరేటప్పుడే.

చిత్రిక పట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం. ఆయన నేల మీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమిపెట్టి పట్టేవారు. ముందు చెక్కను కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి పొడవునా చూసేవారు. తరువాత రెండు చివరలా రెండు తిన్నటి పుల్లలు అడ్డంగా పెట్టి, ఒకదాని మీదుగా ఇంకోటి చూడటం. రెండు పుల్లల పై అంచులు కలిసిపోతే చెక్కలో మెలి లేదు. కలవకపోతే ఏ మూల లేచిందో అక్కడ సుద్దతో గుర్తు. పొడవాటి చిత్రికతో ఎత్తులు తీయడం, చిన్న చిత్రికతో నునుపు చేయడం. చెక్క వాటం, అంటే పోగులు సాగే దిక్కు, చూసుకుని పట్టాలి. ఎదురు వాటంలో పడితే పొట్టు లేచి, ముక్కలు ఊడి, పల్లాలు పడతాయి. వాటం మధ్యలో మారే చెక్కకు ఆయన చిత్రికను కాస్త ఏటవాలుగా తిప్పి, బ్లేడును తగ్గించి, గోరంత గోరంత తీసేవారు. అలా వచ్చే పొట్టు ఉల్లిపొరలాగా ఉండేది. ఆ పొట్టు చుట్టలు మా చెల్లెలు చెవులకు లోలాకులుగా తగిలించుకునేది. ఇల్లంతా టేకు వాసన. కొత్త తోలులాంటి వాసన అని కొందరంటారు, నాకు మాత్రం అది టేకు వాసనే, ఇంకొకటి కాదు.

అతుకుల సంగతి నేను కాలేజీకి వచ్చాక గానీ పూర్తిగా అర్థం చేసుకోలేదు, చూడటం మాత్రం అప్పుడే చూశాను. అడ్డచెక్క చివర నాలుకలాంటి కుసి తీస్తారు, నిలువు చెక్కలో దానికి తగ్గ బెజ్జం తొలుస్తారు. కుసి మందం చెక్క మందంలో మూడోవంతు. అంతకన్నా లావైతే బెజ్జం గోడలు పలచబడతాయి, సన్నమైతే కుసే విరుగుతుంది. బెజ్జం తొలిచేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి, రెండు చివరలా గీతకు కొంచెం ముందే ఆగి, ఆ చివరి పొరను పదునైన ఉలితో ఒత్తి తీసేవారు. కుసి సుత్తి దెబ్బలతో దూరితే ఒప్పుకునేవారు కాదు. అరచేత్తో గట్టిగా నెడితే వెళ్ళాలి, వదిలేస్తే జారకూడదు.

ఆ తరువాతిదే అసలు నేర్పు. బెజ్జం గోడల గుండా ముందుగా మేకు కోసం చిల్లు వేస్తారు. కుసిని లోపలికి నెట్టి, ఆ చిల్లులోంచి కుసి మీద గుర్తు పెట్టి, బయటికి తీస్తారు. కుసిలో చిల్లు ఆ గుర్తు మీద వేయరు. కుసి భుజం వైపు, అంటే కుసి మొదలయ్యే అంచు వైపు, ఓ అరనూలు జరిపి వేస్తారు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అందులో సగం. ఇప్పుడు రెండూ కలిపి వెదురు మేకు దిగ్గొడితే, చిల్లులు సరిగా ఎదురుపడవు కనుక మేకు కుసిని లోపలికి లాక్కుంటుంది. చెక్కల మధ్య వెంట్రుక దూరే సందు కూడా మిగలదు. జిగురు అవసరం లేదు. ఫెవికాల్ 1959లోనే బజారుకు వచ్చింది, ఆచారి గారి పెట్టెలోనూ ఓ చిన్న డబ్బా ఉండేది. బల్లలకూ పీటలకూ వాడేవారు. అంతకు ముందు తోలు, ఎముకలు ఉడికించి చేసిన జిగురును నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచి వాడేవారనీ, ఆ కంపు భరించలేమనీ చెప్పేవారు. తలుపుల మూలలకు మాత్రం ఆయన నమ్మింది మేకునే.

తలుపు రెక్కలో చట్రం ఒకటి, అందులో ఇమిడే పలకలు. చట్రం లోపలి అంచుల్లో గాడి తీసి, పలకల అంచులను పలచగా చెక్కి ఆ గాడిలో దూరుస్తారు. నేను ఆ వయసులో, పలక కదలకుండా జిగురు పెట్టరేం అని అడిగాను.

"పెడితే పగులుతుంది బాబూ" అన్నారు.

"ఎందుకు?"

"చెట్టు కొట్టేసినా చెక్క ఊరుకోదు. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. దాని దారి దానికి వదలాలి."

పొడవునా చెక్క దాదాపు కదలదు, కదలికంతా వెడల్పులోనే. అందులోనూ వలయాల వెంబడి వచ్చే కదలిక, నడిమి నుంచి అంచుకు వచ్చే దానికి సుమారు రెట్టింపు. అందుకే దుంగ నడిమికి పక్కగా పొడవునా కోసిన పలక ఎండినప్పుడు బెరడు వైపు గుంటపడుతుంది, చేవ వైపు ఉబ్బుతుంది. ఈ మాటలేవీ ఆయన ఇలా చెప్పలేదు, నేను తరువాత చదువుకున్నవి. కానీ వాటన్నిటి ఫలితం ఆయన చేతుల్లో ఉండేది. గాడిలో పలకకు అటూ ఇటూ నూలు చొప్పున ఖాళీ వదిలేవారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకునేవారు. పలకలకు చట్రంలో బిగించక ముందే రంగు, పాలిష్ పూర్తిచేసేవారు. బిగించాక పాలిష్ పెడితే, వేసవిలో పలక కుంచించుకున్నప్పుడు గాడి అంచు వెంట పాలిష్ తగలని తెల్లటి చార బయటపడుతుంది. ఎదురింటి తలుపులకు ఎండాకాలం వస్తే ఆ చారలు కనిపించేవి. మా తలుపులకు ఎన్నడూ కనిపించలేదు.

ద్వారబంధం ఎత్తిన రోజు పండగే. ముహూర్తానికి గడప కింద నవధాన్యాలు, నాణేలు వేశారు. గుమ్మానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టారు. ఆచారి గారికి నాన్నగారు పళ్ళెంలో ధోవతులు, తాంబూలం పెట్టి ఇచ్చారు. అంతకు ముందురోజు సాయంత్రమే గోడను తాకే వైపంతా తారు పూసి ఆరబెట్టారు. నిలువు చెక్కలు రెండూ లోపలికి వంగిపోకుండా మధ్యలో అడ్డకర్ర బిగించారు. మూల నుంచి ఎదుటి మూలకు రెండు కొలతలూ తీసి చూశారు, రెండూ సమానం అయితేనే బంధం నాలుగు మూలలూ మట్టంగా ఉన్నట్టు. ఆపైన దారానికి గుండు వేలాడదీసి ఎదుటి నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి నిట్రం, అంటే నిలువు సరిగా ఉందో లేదో, చూశారు. పురోహితుడు తొందరపెడుతున్నా గుండు ఊగడం ఆగేదాకా ఆయన కదలలేదు. ద్వారబంధం ఒక నూలు వాలినా తలుపు తనంతట తానే తెరుచుకోవడమో, మూసుకోవడమో చేస్తుంది. గోడకు పూత వేసి కప్పేయవచ్చు, దీనికి అలాంటి వీలు లేదు.

తలుపు బిగించడం నా దృష్టిలో వడ్రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని. మాది రెండు రెక్కల తలుపు. రెక్కకు మూడేసి ఇత్తడి బందులు. సముద్రపు గాలికి ఇనుము తుప్పుపట్టిపోతుందని బందులూ స్క్రూలూ అన్నీ ఇత్తడివే తెచ్చారు. బందు రేకు మందం ఎంతో అంతే లోతు గంటు కొట్టాలి. లోతు ఎక్కువైతే తలుపు పూర్తిగా మూయకముందే బందుల వైపు బిగుసుకుని, స్క్రూలను పీకేస్తుంది. తక్కువైతే సందు నోరు తెరుచుకుని కనిపిస్తుంది. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకు గట్టి. నేరుగా బిగిస్తే తల తెగిపోతుంది. అందుకని ముందు సన్నటి చిల్లు వేసి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి పూర్తిగా బిగించి, తీసేసి, ఆ దారిలో సబ్బు రాసిన ఇత్తడి స్క్రూను దింపేవారు. ఇన్ని బందులకు ఇన్ని స్క్రూలు, ప్రతిదానికీ ఇదే వరస. నేను సబ్బు రాసి అందించేవాణ్ణి. పెట్టెలోంచి వస్తువు తీసి ఇవ్వడానికి నాకు అనుమతి దొరికింది అప్పుడే.

రెక్కకూ బంధానికీ మధ్య ఎంత సందు ఉండాలన్నది ఆయన నెలను బట్టి నిర్ణయించేవారు. ఎండల్లో బిగించే తలుపుకు అర్ధరూపాయి బిళ్ళ ఆడేంత. శ్రావణంలో బిగించేదానికి పోస్టుకార్డు దూరితే చాలు, చెక్క అప్పటికే ఉబ్బి ఉంటుంది. రెక్క మూసుకునే వైపు అంచును తిన్నగా ఉంచేవారు కాదు. మూసేటప్పుడు బంధంలోకి ముందు దూరే మూల కొంచెం తగ్గేట్టు చిత్రికతో వాలు తీసేవారు. తలుపు తిరిగేటప్పుడు ముందుగా బంధాన్ని ఒరుసుకునేది ఆ మూలే కదా. తలుపు ముందు నిలబడి చూస్తే ఆ వాలు కనిపించదు. కానీ అది లేని తలుపు ప్రతి వానాకాలం భుజం పెట్టి నెట్టించుకుంటుంది.

పాలిష్ పని నాకు వాసనగానే ఎక్కువ గుర్తు. లోపలి తలుపులకు లక్క. పలుకులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో వడకట్టి, దూది ఉండను మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, దానితో పలచగా పూత మీద పూత. మబ్బు పట్టిన రోజున డబ్బా మూత కూడా తీసేవారు కాదు. గాలిలో తేమ ఉంటే లక్క తెల్లగా పాలిపోతుంది. వాన జల్లు తగిలే వీధి తలుపుకు లక్క పనికిరాదని దానికి మరిగించిన అవిసె నూనె పట్టించారు. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయనిచ్చేవారు కాదు, ఒక్కొక్కటి విప్పి దండెం మీద ఆరేయమనేవారు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. అప్పటికి నాకు అది వింతగా తోచింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు అవిసె నూనె వాడినా మొదట ఈ మాటే చెబుతాను.

ఉద్యోగం, పిల్లలు, హైదరాబాదులో ఫ్లాటు. అక్కడి అలమరలకు రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు పనిచేశారు. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మీద లామినేట్ రేకు, తలుపులకు 35 మిల్లీమీటర్ల గుంట తొలిచి బిగించే కనబడని బందులు. యంత్రాలతో కోత, లేజర్‌తో మట్టం. వాళ్ళ వేగం, చేతిశుభ్రత చూసి ఆనందించాను. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి, ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకని వానాకాలం, ఎండాకాలం వాళ్ళ లెక్కలోకి రావు. వంటగది సింకు కింద మాత్రం ఐ.ఎస్. 710 ముద్ర, అంటే నీటికి తట్టుకునే రకానికి ఇచ్చే భారత ప్రమాణం ముద్ర, ఉన్న ప్లైవుడ్ వేయాలని వాళ్ళే పట్టుబట్టారు, ఐ.ఎస్. 303 కింద వచ్చే మామూలు రకం నీటి తడికి ఆగదన్నారు. పని తెలిసినవాళ్ళు ఏ ఊరివాళ్ళయినా తరువాత వచ్చే చెరుపును ముందే చూస్తారు. వాళ్ళలో అందరికన్నా చిన్నవాడు స్క్రూ మొనకు సబ్బు రాసి బిగిస్తుంటే, టీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నాన్నగారు పోయిన తరువాత ఊళ్ళో ఇల్లు పాతబడింది. పైకప్పు కారి, గోడలు నెమ్ము పట్టి, చివరికి తీసేయాల్సి వచ్చింది. పాత తలుపులు కొనేవాళ్ళు అంతకు ముందే బేరానికి వచ్చారు, మేము ఇవ్వలేదు. కాకినాడలో ఇల్లు కట్టుకుంటున్న తమ్ముడు వీధి తలుపును పూజగదికి పెట్టుకుంటానన్నాడు. వెడల్పు తగ్గించాలి కనుక రెక్కలు విప్పక తప్పలేదు. వెనక నుంచి ఇనుప కడ్డీతో వెదురు మేకులను తట్టి బయటికి తీశారు. మేకులు లోపల వంగి, బాగా బిగుసుకుని ఉన్నాయి. చట్రం విడిపోయాక కుసుల మీద ఉలితో కొట్టిన గీతలు కనిపించాయి. ఒక కుసికి ఒక గీత, దాని బెజ్జం పక్కన ఒక గీత, రెండోదానికి రెండు. ఏది ఎందులోకి వెళ్ళాలో ఆచారి గారు పెట్టుకున్న గుర్తులు. కుసుల రంగు అప్పుడే చిత్రిక పట్టినట్టుంది. పలకల అంచుల దాకా పాలిష్ ఉంది.

కాకినాడ వడ్రంగి పడుచువాడు, శ్రద్ధగా పనిచేస్తాడు. అడ్డచెక్కలు తగ్గించి, కొత్త కుసులు తీసి, పలకలు కూడా కొలతకు కోసి, గాడిలో పోయడానికి జిగురు సీసా తెరిచాడు. మూలలకు కావాలంటే పెట్టు గానీ పలకలకు వద్దన్నాను.

"వదులుగా ఉంటే చప్పుడు వస్తుంది కదా అంకుల్" అన్నాడు.

వానలు మొదలయ్యాక చూడమన్నాను, గాడిలో పలకకు ఎంత చోటు కావాలో చెప్పాను, విప్పిన పాత రెక్కలో గాడి లోతు కొలిచి చూపించాను. కొత్త పలకను దూర్చి, వేలితో అటూ ఇటూ నెట్టి చూశాడు. సీసా మూత పెట్టేసి, వెదురు ముక్క ఒకటి తెచ్చుకుని మేకులు చెక్కడం మొదలుపెట్టాడు. చిల్లు అరనూలు జరపడం ఎలాగో ఆ సాయంత్రం ఇద్దరం ఒక చిత్తుచెక్క మీద చేసి చూశాం.